యేసుమణి నోరు తెరిచిన ఏడు

మార్కాపురం హైస్కూల్లో ఆ ఏడు ఆరో ఫారం చదివే ఆడపిల్ల ఒక్కతే. పేరు యేసుమణి. పలకల గనుల పక్కన, ఊరికి వెలిగా ఉండే పల్లె వాళ్ళది. నాయన ఇస్సాకు గనిలో రాతిని పొరలు పొరలుగా చీల్చి పలకలు తీసేవాడు. అమ్మ సౌభాగ్యమ్మ కలుపులకు పోయేది, కోతలకు పోయేది, ఏ పనీ లేని రోజుల్లో గని దగ్గరే కూర్చొని పలకలకు చెక్క చట్రాలు బిగించేది. వాళ్ళ చేతులమీదుగా పోయిన పలకల మీద ఎన్ని ఊళ్ళ పిల్లలు అక్షరాలు దిద్దినారో గాని, వాళ్ళిద్దరికీ మాత్రం చదువు లేదు. ఆదివారం గుడిలో అందరితోపాటు పాటల పుస్తకం చేత పట్టుకొని, కంఠతా వచ్చిన పాట పాడేవాళ్ళు.

యేసుమణి మిషను బడిలో చదివి నాలుగో ఫారానికి హైస్కూలుకు వచ్చింది. క్లాసు నిండా మగపిల్లలే. ఆ పిల్ల కోసం సారు బల్ల పక్కన ఒక పొట్టి బెంచీ వేసినారు. ఆ బెంచీ మీద కూర్చొని మూడేళ్ళు నోరు తెరవలేదు. చదువు రాక కాదు. లెక్కల్లోనూ సైన్సులోనూ ఆమెను మించినవాళ్ళు క్లాసులో లేరు. సారు ఏదన్నా అడిగితే లేచి నిలబడి, జవాబు పలక మీద రాసి ఎత్తి చూపించేది. మొదట్లో పిల్లలు నవ్వినారు. పోను పోను వాళ్ళకూ సార్లకూ అది అలవాటైపోయింది. కొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టరు ఈ పిల్ల మూగదేమో అనుకొని కొన్నాళ్ళు సైగలతో మాట్లాడినాడు కూడా.

ఇంట్లో మాత్రం ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. బడిలో మూటకట్టుకున్న మాటలన్నీ ఇంటికి తెచ్చి విప్పుతుందని సౌభాగ్యమ్మ ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వేది.

హెడ్మాస్టరు ప్రభాకరరావు సారుకు ఒక పద్ధతి ఉండేది. సంక్రాంతి సెలవులు అయిపోగానే ఆరో ఫారం పిల్లలను ఒక్కొక్కరిని తన గదికి పిలిచి, బడి అయిపోయినాక ఏం చేయదలుచుకున్నావని అడిగేవాడు. ఏ కాలేజీలో ఎవరికి సీటు దొరుకుతుందో, ఎందుకు దొరకదో దాపరికం లేకుండా చెప్పేవాడు. లేని ఆశ పెట్టేవాడు కాదు, ఉన్న ఆశ తుంచేవాడూ కాదు. ఆ ఏడు, అంటే 1931లో, ఒక కోమటింటి పిల్లవాడు ప్రెసిడెన్సీ కాలేజీ అన్నాడు. నీ లెక్కలు చూసి తలుపు తీస్తారు, నీ ఇంగ్లీషు చూసి వేస్తారు, ముందు గుంటూరుకు రాయమని సారు చెప్పినాడు. ఇంకొకడు రైల్వేలో గుమాస్తా పని చాలన్నాడు. చాలనుకున్నవాడికి అదే దొరుకుతుంది అన్నాడు సారు.

యేసుమణి వంతు వచ్చింది. గదిలోకి పోయి నిలబడి, పలక మీద రాసి చూపించింది. మద్రాసు, ఆడవాళ్ళ మెడికల్ స్కూలు, డాక్టరు అని మూడు మాటలు.

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈ కోరిక ఎక్కడ పుట్టిందని అడిగినాడు. ఆ పిల్ల పలక తుడిచి రాయడం మొదలుపెట్టింది గాని, అది పలకకు చాలే సంగతి కాదు.

జరిగింది ఇది. రెండేళ్ళ కిందట గనిలో ఇస్సాకు అరచేతిలో పలక పెచ్చు ఒకటి లోపలికంటా దిగింది. మిషను డాక్టరమ్మ ఆ దినం పల్లెకు వచ్చి ఉన్నది. ఇంటి ముందర కూర్చోబెట్టి పెచ్చు తీయబోతే, వేపచెట్టు నీడ పడి గాయం సరిగ్గా కనిపించలేదు. యేసుమణి లోపలినుంచి అద్దం ముక్క తెచ్చి, ఎండలో నిలబడి, వెలుతురును నాయన అరచేతిలోకి మళ్ళించింది. పని అయ్యేదాకా ఆ వెలుతురు బిళ్ళ పక్కకు జరగలేదు. నెత్తురు చూసి పక్కింటి మగవాళ్ళు మొహం తిప్పుకున్నారు గాని ఈ పిల్ల ఇంకా ముందుకు వంగి చూసింది. డాక్టరమ్మ పోతూ పోతూ, ఈ పిల్లను చదివించండి, ఖర్చు సంగతి మేము చూస్తాము అని సౌభాగ్యమ్మతో చెప్పి పోయింది. అప్పటినుంచీ యేసుమణికి వేరే ఆలోచన లేదు.

పలక మీద రాసినంతలోనే సారుకు సంగతి అర్థమైంది. కుర్చీ ముందుకు జరుపుకొని చెప్పినాడు.

"అమ్మాయీ, ఆ స్కూలుకు గంజాం నుంచి తిన్నెవెల్లి దాకా, అటు మలబారు దాకా మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద ఆడపిల్లలు రాస్తారు. తీసుకునేది కొద్దిమందిని. క్రైస్తవులకని విడిగా కొన్ని సీట్లున్నాయి గాని, వాటికోసం కాన్వెంటుల్లో పెరిగిన పిల్లలు వస్తారు. నీ మార్కులు వాళ్ళకు తీసిపోవు. కానీ పిలిపించి మాట్లాడించి తీసుకుంటారు. ఇంగ్లీషులో మాట్లాడిస్తారు. అక్కడ పలక ఎత్తి చూపిస్తే కుదరదు. ఇప్పుడున్నట్టే పోతే నూరుకు అయిదు పాళ్ళు. నోరు తెరిస్తే నూరుకు ముప్పై. ఆ పైన దేవుడి దయ."

యేసుమణి తల ఊపి బయటికి వచ్చింది. ఇంటికి పోయేదాకా ఆ ముప్పై పాళ్ళ గురించే ఆలోచించింది. ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు. మాట్లాడాలంటే ఎదురుగా ఒక మనిషి ఉండాలి. సారు దగ్గర ఒంటరిగా కూర్చొని మాట్లాడితే ఊరు ఊరుకోదు. పల్లెలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎవరున్నారని అడిగితే, సౌభాగ్యమ్మ వెంటనే మోషే మామ ఉన్నాడు గదా అన్నది.

మోషే తాత ముప్పై ఏళ్ళు ఫారెస్టు దొర దగ్గర బట్లరుగా చేసినవాడు. దోర్నాల బంగళాలో వంట, వడ్డన, దొర బూట్లు, దొర కుక్కలు అన్నీ ఆయనవే. దొర పింఛను తీసుకొని ఓడెక్కి సీమకు పోయినాక పల్లెకు తిరిగి వచ్చి మేకలు పెట్టుకున్నాడు. ఆదివారం గుడికి మాత్రం ఇత్తడి గుండీల తెల్లకోటు వేసుకొని వచ్చేవాడు. ఆయనకు ఒకటే దిగులు. ఇంగ్లీషు మాట్లాడడానికి మనిషి లేడు. అందుకని మేకలతో మాట్లాడేవాడు. కమాన్ అంటే కదిలేవి, స్టాప్ అంటే నిలిచేవి, షటప్ అంటే మాత్రం వినేవి కావు.

యేసుమణి పోయి అడిగేసరికి ఆ ముసలాయన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ సాయంత్రమే మొదలుపెట్టినాడు. పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. మేకల వెంట నడవడం, కనిపించిందల్లా ఇంగ్లీషులో చెప్పడం.

"చూడమ్మా, ఒకటే సూత్రం," అన్నాడు. "దొర ఎదురుగా ఉన్నప్పుడు నోరు మూసుకోవద్దు. తెలిసినా తెలియకపోయినా ఎస్ సర్ అని ముందు నోరు తెరువు. తెరిచినాక మాట అదే వస్తుంది. నోరు మూసుకున్నవాడికి ఏ దొరా అన్నం పెట్టలేదు."

వాన రాలేదనడానికి రెయిన్ నో కమింగ్ అనాలి. కూర ఆలస్యమైతే కర్రీ కమింగ్ సర్, ఫైవ్ మినిట్ ప్లీజ్ అనాలి. కుక్క కరిస్తే డాగ్ వెరీ సారీ సర్ అనాలి. యేసుమణికి మొదటి రెండు దినాలు నవ్వే సరిపోయింది. మూడో దినం నుంచి ఆమె కూడా అనడం మొదలుపెట్టింది. మేకలను వరసగా నిలబెట్టి, ఇవే మద్రాసులో కూర్చునే పెద్దమనుషులు అనుకొని మాట్లాడమనేవాడు తాత. గడ్డం ఉన్న మేకపోతు ముందర తడబడకుండా మాట్లాడగలిగితే ఎవరి ముందరైనా మాట్లాడగలవు అనేవాడు. పల్లె పిల్లలంతా చుట్టూ చేరి వినేవాళ్ళు. నెల తిరిగేసరికి పల్లెలో గుడ్ మార్నింగ్ అనని బిడ్డ లేడు.

ఒకనాడు క్లాసులో ప్రభాకరరావు సారు పాఠం మధ్యలో ప్రశ్న అడిగి, యేసుమణి వైపు చూసినాడు. పలక ఎత్తుతుందని అందరూ చూస్తున్నారు. ఆ పిల్ల పలక బెంచీ మీద పెట్టేసింది.

"ఎస్ సర్," అన్నది. "ఆన్సర్ కమింగ్ సర్. వన్ మినిట్ ప్లీజ్."

క్లాసంతా ఘొల్లుమన్నది. డ్రిల్లు మాస్టరు వరండాలోనుంచి తొంగిచూసినాడు. యేసుమణి మొహం ఎర్రబడింది గాని, తనకూ నవ్వు ఆగలేదు. నవ్వుతూనే జవాబు చెప్పింది. జవాబు సరైనదే, ఇంగ్లీషే మోషే తాతది.

సారు నవ్వలేదు. మూడేళ్ళకు ఈ పిల్ల గొంతు విన్నందుకు ఆయనకు సంతోషంగా ఉంది. ఆ ఇంగ్లీషు విన్నందుకు దిగులుగానూ ఉంది. ఆ సాయంత్రం గదికి పిలిచి, ఎవరు నేర్పినారని అడిగి అంతా విన్నాడు. ధైర్యం ఉంచుకో, ఆ వ్యాకరణం మటుకు మేకలకు వదిలేయి అన్నాడు. ఆ వారం నుంచి ప్రతి శుక్రవారం చివరి గంటలో క్లాసులో ఎవరూ తెలుగు మాట్లాడకూడదని ఒక కట్టడి పెట్టినాడు. ఒక్క ఆడపిల్ల కోసమని ఎవరూ అనకుండా అందరిచేతా మాట్లాడించినాడు. తీరా చూస్తే మగపిల్లల్లో సగం మందికి నోరు పెగల్లేదు. నవ్వినవాళ్ళే ముందు తడబడినారు. యేసుమణి మాత్రం తప్పో ఒప్పో ఆగకుండా మాట్లాడేది, సారు ఒక్కొక్క మాటా సరిచేసేవాడు.

ఈ సంగతి మోషే తాత చెవిన పడింది. పల్లె పిల్లవాడొకడు, నీ ఇంగ్లీషు తప్పంట గదా తాతా అని అనేసినాడు. ముసలాయన నొచ్చుకున్నాడు. ఆ సాయంత్రం యేసుమణి పోతే మేకలను తోలుకొని వేరే దారిన పోయినాడు. మర్నాడూ అంతే. మూడో దినం ఆ పిల్ల తెల్లవారుతూనే పోయి, మేకల దొడ్డి వాకిట్లో కూర్చున్నది. తాత బయటికి రాక తప్పలేదు.

"నా ఇంగ్లీషుతో ముప్పై ఏళ్ళు దొరకు అన్నం పెట్టినాను," అన్నాడు. "ఆయన ఒక్కపూట పస్తు పడుకోలేదు. నాకు జ్వరమొస్తే పక్కన కూర్చొని మాట్లాడినాడు. ఆయనకు కనబడని తప్పు మీ సారుకు కనబడిందా?"

"తప్పు కనబడింది తాతా, నిజమే," అన్నది యేసుమణి. "సరిగ్గా ఎట్ల మాట్లాడాలో సారు చెప్తాడు. భయం లేకుండా ఎట్ల మాట్లాడాలో సారుకు చెప్పడం రాదు. క్లాసులో చూస్తున్నాను గదా. ఆయన దగ్గరొకటి, నీ దగ్గరొకటి నేర్చుకుంటాను. నువ్వు ఇట్ల మొహం తిప్పుకొని పోతే నాకు ఉన్న ముప్పై పాళ్ళలో సగం పోతాయి."

తాత దొడ్డి తడిక తీసినాడు. తర్వాత మేకపోతును చూసి, కమాన్ అన్నాడు. ముగ్గురూ కలిసి మేత బీడుకు పోయినారు.

వేసవిలో పరీక్ష ఫలితాలు వచ్చినాయి. మార్కులు సారు అనుకున్నదానికన్నా మంచిగానే వచ్చినాయి. దరఖాస్తు పంపినాక జూన్ మొదటివారంలో మద్రాసు రమ్మని పిలుపు వచ్చింది. ఇక తోడు ఎవరు పోవాలన్న మాట వచ్చింది. ఇస్సాకు గని విడిచి పోలేడు. సౌభాగ్యమ్మ అంతవరకు రైలు ఎక్కలేదు. అప్పుడు మోషే తాత కోటు దులిపి, మద్రాసు నాకు కొట్టినపిండి, నేను తీసుకుపోతాను అన్నాడు. దొరతో చూసిన మద్రాసు గురించి ఆయన పల్లెలో కథలు కథలుగా చెప్పి ఉన్నాడు. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. యేసుమణి, సౌభాగ్యమ్మ, మోషే తాత ముగ్గురూ బండి కట్టించుకొని స్టేషనుకు పోయి రైలెక్కినారు. బెజవాడలో బండి మారినారు. రాగిరొట్టెలూ పచ్చిమిరపకాయల కారమూ మూటలో ఉండగా దారిలో ఏమీ కొనాల్సిన పని పడలేదు.

మద్రాసు స్టేషనులో దిగినాక మోషే తాత కోటు గుండీలు పెట్టుకొని ముందు నడిచినాడు. వీళ్ళిద్దరూ వెనక నడిచినారు. చాలాదూరం నడిచినాక ఇళ్ళు తగ్గి, పెద్ద పెద్ద గిడ్డంగులూ, వాటి వెనక ఓడల కొయ్యలూ కనిపించినాయి. సౌభాగ్యమ్మ నిలబడిపోయింది. మామా, వాళ్ళు మనల్ని డాక్టరు చదువుకు పిలిచినారా, సీమకు పిలిచినారా అని అడిగింది. తాత ఒక మూట మీద కూలబడి, నేను చూసిన పెద్ద ఊరు కర్నూలేనమ్మా, దొర చెప్పిన మద్రాసే నేను మీకు చెప్పినాను అన్నాడు.

సౌభాగ్యమ్మకు కోపం రావాల్సింది, నవ్వు వచ్చింది. అక్కడినుంచి ముందు నడిచే పని తాను తీసుకున్నది. దారి పక్కన పూలమ్మే ఆమెను తెలుగులోనే అడిగింది. ఆమె తెలుగులోనే జవాబు చెప్పింది. ఆ తర్వాత జట్కావాణ్ణి అడిగితే వాడూ తెలుగే. మిషను వాళ్ళ బసకు చేరేలోపల సౌభాగ్యమ్మ ముగ్గురితో వావి వరసలు కలిపింది. ఇంత సులువైన ఊరికి ఇంగ్లీషు ఎందుకో అనుకున్నది.

మరునాడు పొద్దున మెడికల్ స్కూలు వరండాలో పిల్లలు వరసగా కూర్చొని ఉన్నారు. పట్టుచీరల పిల్లలు, గౌనుల పిల్లలు, పక్కన వకీళ్ళూ తాసీల్దార్లూ అయిన తండ్రులు. వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఇంగ్లీషు జలజలా పారుతున్నది. యేసుమణికి ముప్పై పాళ్ళు కరిగి మళ్ళీ అయిదుకు వచ్చినట్టనిపించింది. పక్కన ఒక మలబారు పిల్ల, పేరు అన్నమ్మ, చేతిలో ఉన్న కాగితాన్ని మడుస్తూ విప్పుతూ కూర్చున్నది. యేసుమణి తాత సూత్రాన్ని ఇంగ్లీషులోనే ఆ పిల్లకు చెప్పింది. నోరు తెరువు, మాట అదే వస్తుంది అన్నది. ఆ పిల్లకు చెప్తుంటే తనకూ కొంచెం కుదుటపడింది.

లోపల ముగ్గురు కూర్చొని ఉన్నారు. నడుమ స్కూలు పెద్ద దొరసాని, ఒకపక్క సర్కారు ఉద్యోగి ఒకాయన, ఇంకోపక్క తలపాగా చుట్టిన ముసలి డాక్టరు, అరవాయన. పేరు, ఊరు, నాయన చేసే పని అడిగినారు. సారు నేర్పినట్టు పొందికగా చెప్పింది. ఈ చదువే ఎందుకని దొరసాని అడిగితే నాయన అరచేతి సంగతి చెప్పింది. అంతవరకు సారు ఇంగ్లీషు బాగానే నడిచింది. అప్పుడు ముసలి డాక్టరు ముందుకు వంగి, నెమ్మదిగా ఒక మాట అడిగినాడు. నువ్వు పల్లెనుంచి వచ్చినావు, డాక్టరైనా మీ తట్టు పెద్ద కులాల ఇళ్ళల్లో నిన్ను గడప తొక్కనీయరు, కాన్పు కష్టమై పిలిపించి, తీరా నువ్వు పోయినాక లోపలికి రావద్దంటే ఏం చేస్తావు అని.

సారు చెప్పించిన ప్రశ్నల్లో ఇది లేదు. యేసుమణికి జవాబు తెలుసు. ఆ ఇళ్ళు తెలుసు, ఆ గడపలు తెలుసు. కానీ సారు ఇంగ్లీషు ఒక్క మాటా గుర్తుకు రాలేదు. అప్పుడు నోరు తెరిచింది.

"ఎస్ సర్. ఐ సిట్టింగ్ అవుట్‌సైడ్, సర్. నో ఫైటింగ్, నో గోయింగ్ హోమ్. దే వెయిటింగ్, ఐ వెయిటింగ్. బట్ బేబీ నాట్ వెయిటింగ్, సర్. బేబీ కమింగ్, దెన్ దే కాలింగ్. ఐ వాషింగ్ హాండ్స్, గోయింగ్ ఇన్‌సైడ్."

దొరసాని చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నది. ముసలి డాక్టరు మాత్రం ఇంకా ఆమెనే చూస్తూ, అప్పటికీ పిలవకపోతే అన్నాడు.

"ఇన్‌సైడ్ వన్ ఓల్డ్ లేడీ ఆల్వేస్ దేర్, సర్," అన్నది యేసుమణి. "షీ కాలింగ్."

ఈసారి ముగ్గురూ నవ్వినారు. అది ఎగతాళి నవ్వు కాదని ఆ పిల్లకు తెలిసింది గాని, నవ్వుకు సీటు ఇస్తారో లేదో తెలియలేదు. ఇంగ్లీషు ఎవరు నేర్పినారని దొరసాని అడిగింది. హెడ్మాస్టరు సారూ, మోషే బట్లరూ అని ఉన్నమాట చెప్పింది. మా వంటవాడూ ఇట్లే మాట్లాడతాడు, వాడి మాట నాకు ఏనాడూ అర్థం కాకుండా పోలేదు అని దొరసాని అన్నది.

బయటికి వచ్చి యేసుమణి, అంతా చెడగొట్టుకొని వచ్చినానమ్మా అని తల్లి పక్కన కూర్చున్నది. రెండు దినాల తర్వాత గోడమీద పేర్లు అంటించినారు. తీసుకున్నవాళ్ళలో అన్నమ్మ పేరు ఉంది. యేసుమణి పేరు లేదు. కింద విడిగా రాసిన కొద్ది పేర్లలో రెండోది ఆమెది. అది వెయిటింగు లిస్టని గుమాస్తా చెప్పినాడు. పైవాళ్ళు ఎవరన్నా రాకపోతే పిలుస్తారంట.

మోషే తాత ఒక్కడే సంబరపడినాడు.

"వెయిటింగ్ అంటే నాకు తెలుసు," అన్నాడు. "నేను ముప్పై ఏళ్ళు చేసిన పని అదే. దొర భోజనానికి వచ్చేదాకా గోడకానుకొని నిలబడాల. ఎంత పొద్దుపోయినా ఆయన రాక మానడు."

తిరిగి వచ్చినాక సారుకు చెప్పినారు. ఆయన లెక్క వేసి, ఇప్పుడు నూరుకు నలభై పాళ్ళు అన్నాడు. అయితే ఇంకో చిక్కు ఉంది. కంభంలో పంతులమ్మల ట్రైనింగుకు యేసుమణి పేరు తీసుకున్నారు. నెలాఖరులోగా చేరకపోతే అది పోతుంది. చేరితే మధ్యలో విడిచి రావడం కుదరదు. చేతిలో ఉన్నది పట్టుకోమని సారు చెప్పలేకపోయినాడు, వదులుకోమనీ చెప్పలేకపోయినాడు. మీ ఇంట్లో మాట్లాడుకోండి అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఇంటిముందర తల్లీ తండ్రీ కూతురూ ముగ్గురూ కూర్చున్నారు. పంతులమ్మ పని చిన్నదేమీ కాదు. పల్లెలో ఇంకెవరికీ లేదు. ఇస్సాకు అరచేయి చూసుకుంటూ, నీకు ఏది కావాలో అది చెప్పు, పెద్దదా చిన్నదా అని చూడకు అన్నాడు. నాకు మద్రాసే కావాలి, రాకపోతే వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను అన్నది యేసుమణి. అయితే ఆగుదాము అన్నది సౌభాగ్యమ్మ. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఆగడం మాత్రం అంత సులువుగా లేదు. ట్రైనింగు గడువు దాటిపోయింది. జూలై వచ్చింది, స్కూలు తెరిచి ఉంటారు. యేసుమణి తల్లితోపాటు గనికి పోయి చట్రాలు బిగించేది. బిగించిన చట్రాల్లో వంకర పోయినవే ఎక్కువ. నీ మనసు మద్రాసులో పెట్టి మేకులు ఇక్కడ కొడుతున్నావు అని మేస్త్రీ పిచ్చయ్య విసుక్కునేవాడు. సాయంత్రం మోషే తాతతో మేకల వెంట పోయేది. అప్పటికి తాత ఆమెతో సారు ఇంగ్లీషులో మాట్లాడించుకొని, తానూ రెండు మూడు మాటలు దిద్దుకున్నాడు.

జూలై చివర ఒకనాడు ఎండ దిగుతున్న వేళ ప్రభాకరరావు సారు పల్లెలోకి వచ్చినాడు. ఆయన ఏనాడూ పల్లె లోపలికి వచ్చినవాడు కాదు. పైపంచె భుజాన వేసుకొని, దారి అడుగుతూ వస్తుంటే ఆడవాళ్ళు లేచి పక్కకు తప్పుకున్నారు, పిల్లలు మాత్రం గుడ్ మార్నింగ్ సర్ అని వెంటపడినారు. సాయంత్రానికి గుడ్ ఈవెనింగ్ అని చెప్పాలని ఆయన వాళ్ళను దిద్దుకుంటూనే వచ్చినాడు. ఇస్సాకు ఇంటి ముందర ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక సౌభాగ్యమ్మ తడబడుతుంటే, పేర్చిపెట్టిన పలకల దొంతర మీద తానే కూర్చొని జేబులోనుంచి బడికి వచ్చిన తంతి కాగితం తీసినాడు.

"అమ్మాయీ, నూరుకు నూరు," అన్నాడు. "వారంలోగా వచ్చి చేరమన్నారు."

సీటొచ్చినవాళ్ళలో ఒక పిల్ల వేరే కాలేజీలో చేరిందంట. ఇంకొక పిల్లకు పెళ్ళి కుదిరిందంట. అట్ల రెండు సీట్లు ఖాళీ అయినాయి. సౌభాగ్యమ్మ ఏం చేయాలో తెలియక లోపలికి పోయి మళ్ళీ బయటికి వచ్చింది. ఇస్సాకు గనినుంచి వస్తూ వాకిట్లో జనాన్ని చూసి కంగారుపడినాడు. సంగతి చెప్పినాక, ఒళ్ళంతా పలకపొడితో ఉన్నవాడు అట్లే నిలబడి, సారును మంచినీళ్ళు తాగుతారా అని అడగబోయి నోట్లోనే ఆపుకున్నాడు. సారు అది గమనించి, ఎండకు వచ్చినాను, ఒక చెంబు నీళ్ళిస్తావా అని తానే అడిగినాడు. ఆ చెంబు నీళ్ళ సంగతి ఊళ్ళో కొన్నాళ్ళు చెప్పుకున్నారు. సారు పట్టించుకోలేదు.

ఈసారి మద్రాసుకు సౌభాగ్యమ్మ ఒక్కతే తీసుకుపోయి దిగవిడిచి వచ్చింది. యేసుమణి నెల ఆలస్యంగా చేరింది. హాస్టల్లో అన్నమ్మ తన గదిలోనే మంచం వేయించుకోమన్నది. తప్పిపోయిన పాఠాలన్నీ ఆ పిల్లే చెప్పింది. మొదటి ఏడు పరీక్షలో యేసుమణి ఒక సబ్జెక్టు తప్పి, మళ్ళీ రాసి గట్టెక్కింది. మిగిలిన ఏళ్ళు ఇబ్బంది లేకుండా గడిచినాయి. సాంబారు మాత్రం చివరిదాకా నచ్చలేదంట.

ఎల్.ఎం.పి. డాక్టరు పట్టా తీసుకొని వచ్చినాక కొన్నాళ్ళు కంభం మిషను ఆసుపత్రిలో చేసింది. తర్వాత గిద్దలూరు సర్కారు ఆసుపత్రికి వేసినారు. మందు సరిగ్గా తాగకుండా మళ్ళీ వచ్చినవాళ్ళను గట్టిగా కేకలేసేది. ఆ కేకలకు భయపడి మందు తాగి బాగుపడినవాళ్ళు ఆ తాలూకాలో చాలామంది ఉన్నారు.

ఒకసారి ఇస్సాకు దగ్గుతో బాధపడుతూ, చెప్పాపెట్టకుండా రైలెక్కి గిద్దలూరు వచ్చినాడు. కాంపౌండరు మల్లయ్యకు ఈయన ఎవరో తెలియదు. వరసలో కూర్చోమన్నాడు. ఇస్సాకు కూర్చున్నాడు. పక్కన కూర్చున్న గొర్రెల కాపరి రంగయ్య కాలికి కట్టు చూపించి, పోయినసారి ఇచ్చిన బిళ్ళలు మింగలేదు, ఈ డాక్టరమ్మ ఇప్పుడు ఏమంటుందో, చానా గట్టి నోరు అని గొణిగినాడు.

"ఇంట్లోనూ అంతేలే," అన్నాడు ఇస్సాకు.

రంగయ్యకు అర్థం కాలేదు. లోపలినుంచి కేకలు వినబడుతున్నాయి. ఇస్సాకు గోడకు వీపు ఆనించి, తన వంతు కోసం హాయిగా కూర్చున్నాడు.